పాటతో ఆకలిని ప్రశ్నించిన గాయకుడు – హారీ చేపిన్

పాటలు కూడు పెడతాయా అని పెద్దవాళ్ళు అడగడం మనలో చాలామందికి అనుభవమే. కాలేజీ వార్షికోత్సవంలో పాట పాడి చప్పట్లు కొట్టించుకున్నవాడు కూడా ఇంటికెళితే ఈ ప్రశ్నకు జవాబు చెప్పుకోవలసిందే. అమెరికాలో ఒక గాయకుడు ఈ ప్రశ్నను మరో రకంగా తీసుకున్నాడు. పాట తనకు కూడు పెడితే చాలదు, కూడు లేనివాళ్ళకు కూడా పెట్టాలి అనుకున్నాడు. అంతటితో ఆగక, ఇంత పండే లోకంలో వాళ్ళకు కూడు ఎందుకు లేదో చెప్పమని తన ప్రభుత్వాన్నే అడిగాడు. ఆయన పేరు హారీ చేపిన్. 1942లో పుట్టి 1981లో పోయాడు. బతికింది ముప్పై ఎనిమిదేళ్ళు. అందులో గాయకుడుగా వెలిగిన కాలం పట్టుమని పదేళ్ళు కూడా లేదు.

నేను సైన్సు చదువుకునేవాణ్ణి. సంగీతశాస్త్రం నాకు తెలియదు. అయినా ఒక గాయకుడి జీవితం రాయడానికి పూనుకున్నానంటే దానికి కారణం వుంది. మాది వ్యవసాయ కుటుంబం. కల్లంలో ధాన్యం రాశి పోసిన రోజునే, ఆ రాశి పోసిన కూలివాడి ఇంట్లో పొయ్యి వెలిగిందో లేదో తెలియని కాలం ఒకటి వుండేదని మా తాతయ్య చెప్తూ వుంటాడు. గింజా వుంది, ఆకలీ వుంది. రెండూ ఒకే ఊళ్ళో, పక్కపక్క వీధుల్లో. ఈ రెండూ ఎట్లా కలిసి కాపురం చేస్తాయన్నది చిన్నప్పట్నుంచీ నాకు తేలని లెక్క. చేపిన్ కథ చదివినప్పుడు, ఎక్కడో న్యూయార్కులో పుట్టిన ఒక పాటగాడు కూడా ఇదే లెక్క వేసుకున్నాడని తెలిసి ఆశ్చర్యపోయాను.

హారీ చేపిన్ 1942 డిసెంబరు 7న న్యూయార్కు నగరంలో పుట్టాడు. నలుగురు అన్నదమ్ముల్లో రెండవవాడు. తండ్రి జిమ్ చేపిన్ జాజ్ సంగీతంలో పేరున్న డ్రమ్ముల కళాకారుడు. డ్రమ్ములు నేర్చుకునేవాళ్ళ కోసం ఆయన రాసిన పుస్తకం 1948లో వెలువడి ఆ విద్యకు పెద్దబాలశిక్ష లాంటిది అయింది. తల్లి వైపు తాత కెన్నెత్ బర్క్ అమెరికా సాహిత్య విమర్శలో ఎన్నదగిన పండితుడు. తండ్రి వైపు తాత జేమ్స్ చేపిన్ చిత్రకారుడు. ఈ చిత్రకారుడి సంగతి నాకు మరీ నచ్చింది. ఆయన 1920ల్లో న్యూజెర్సీలో ఒక రైతు కుటుంబం పొలంలో చిన్న గుడిసెలో కాపురముండి, ఆ రైతులనే నిలబెట్టి బొమ్మలు గీశాడు. ఆ బొమ్మలతోనే పేరు తెచ్చుకున్నాడు. మామూలు మనిషిని కళలోకి తేవడం ఆ ఇంట్లో తాతనాడే మొదలైందన్నమాట.

ఇంట్లో కళకు లోటు లేదు గాని సంసారం మాత్రం సాఫీగా సాగలేదు. హారీ చిన్నవాడుగా వున్నప్పుడే తల్లిదండ్రులు విడిపోయారు. నలుగురు కొడుకులూ తల్లి దగ్గర పెరిగారు. బ్రూక్లిన్ ప్రాంతంలో కాపురం. అక్కడి చర్చి బాలల బృందంలో అన్నదమ్ములు పాడేవారు. హారీ మొదట నేర్చుకున్నది ట్రంపెట్. ఆ రోజుల్లో అమెరికా కుర్రకారులో జానపద గీతాల మోజు ఒక వెల్లువలా వచ్చింది. వీవర్స్ బృందం కార్నెగీ హాలులో పాడిన పాటల రికార్డు విని ఎందరో యువకులు బాంజో, గిటారు చేతబట్టారు. చేపిన్ సోదరులూ అంతే. హారీ, తమ్ముళ్ళు టామ్, స్టీవ్ కలిసి ఒక జట్టుగా పాడడం మొదలుపెట్టారు.

చదువు విషయానికొస్తే, 1960లో బ్రూక్లిన్ టెక్నికల్ హైస్కూలు పూర్తి చేశాడు. తర్వాత వైమానిక దళ అకాడమీలో చేరి కొద్దికాలానికే బయటికి వచ్చేశాడు. ఆ పైన కార్నెల్ విశ్వవిద్యాలయంలో చేరాడు. అక్కడా డిగ్రీ చేతికి రాలేదు. పరీక్షలు తప్పిన మిత్రులు ఇది చదివి సంబరపడవద్దని మనవి. చదువు మానినా ఆయన పని మానలేదు. సినిమా రంగంలో చేరి ఫిల్ము కత్తిరించి అతికించే ఎడిటింగు పని నేర్చుకున్నాడు. పాత కాలపు బాక్సింగు వీరుల మీద తీసిన 'లెజెండరీ ఛాంపియన్స్' అనే డాక్యుమెంటరీకి పనిచేశాడు. 1968 నాటి ఆ చిత్రం ఆస్కారు బహుమతి పోటీలో నిలిచింది. ఆ ఏడాదే ఆయనకు పెళ్ళయింది. భార్య శాండీ. గిటారు నేర్పడానికి ఆమె ఇంటికి వెళ్ళిన పరిచయం పెళ్ళి దాకా వచ్చింది. ఆమెకు మొదటి వివాహం వల్ల ముగ్గురు పిల్లలున్నారు. తర్వాత వీరికి మరో ఇద్దరు పుట్టారు.

సినిమా పని ఎప్పుడూ వుండేది కాదు. సంసారం పెరిగింది. ఒక దశలో టాక్సీ నడిపి బతుకుదామని లైసెన్సు కూడా తీసుకున్నాడు. ఆ ఆలోచనే తర్వాత ఆయన జాతకం మార్చిన పాట అయింది.

1971 వేసవిలో న్యూయార్కులోని విలేజ్ గేట్ అనే వినోదశాలను అద్దెకు తీసుకుని తన బృందంతో కచేరీలు మొదలుపెట్టాడు. ఆ బృందంలో గిటార్లతో పాటు చెల్లో వుండేది. చెల్లో అంటే వయొలిన్ జాతిదే, కాని కుర్చీలో కూచుని మోకాళ్ళ మధ్య నిలబెట్టుకుని వాయించే పెద్ద వాద్యం. జానపద బాణీ పాటకు ఈ గంభీరమైన నాదం తోడయ్యేసరికి వినేవాళ్ళకు కొత్తగా తోచింది. రికార్డు కంపెనీలు పోటీ పడ్డాయి. చివరికి ఎలెక్ట్రా కంపెనీతో ఒప్పందం కుదిరి, 1972లో 'హెడ్స్ అండ్ టేల్స్' అనే మొదటి ఆల్బం వచ్చింది.

అందులోని పాటే 'టాక్సీ'. కథ చాలా చిన్నది. వానపడుతున్న రాత్రి శాన్‌ఫ్రాన్సిస్కోలో ఒక టాక్సీ డ్రైవరు ఒక ధనికురాలిని ఎక్కించుకుంటాడు. ఆమె ఒకనాడు తాను ప్రేమించిన మనిషి అని కాసేపటికి గుర్తుపడతాడు. ఆమె నటి కావాలనుకుంది, అతను విమానాలు నడపాలనుకున్నాడు. ఇద్దరి కలలూ ఏమయ్యాయో ఆ ప్రయాణం అయ్యేసరికి మనకు తెలిసిపోతుంది. దిగేటప్పుడు ఆమె ఛార్జీకి ఎన్నో రెట్లు ఎక్కువైన నోటు చేతిలో పెట్టి వెళ్ళిపోతుంది. ఆత్మాభిమానం వున్నవాడు విసిరికొడతాడని మనం ఎదురుచూస్తాం. ఇతను జేబులో పెట్టుకుంటాడు. అదే ఆ పాట గొప్పతనం. పేదవాడు ఏం చెయ్యాలో కవి చెప్పలేదు, ఏం చేస్తాడో చెప్పాడు.

రేడియోలో పాట అంటే మూడు నిమిషాలకు మించకూడదని అప్పట్లో ఒక లెక్క. 'టాక్సీ' దాదాపు ఏడు నిమిషాలు. అయినా శ్రోతలు కోరి కోరి వేయించుకున్నారు. బిల్‌బోర్డ్ పత్రిక జాబితాలో 24వ స్థానం దాకా వెళ్ళింది.

చేపిన్ పాటలను పాశ్చాత్యులు కథాగీతాలంటారు. మనకు ఇది కొత్త సంగతేం కాదు. బుర్రకథ, హరికథ, జముకుల కథ వింటూ పెరిగిన జాతి మనది. కథ చెప్పడానికి పాట, పాట నిలవడానికి కథ. అయితే మన కథల్లో తరచు వీరులూ రాజులూ వుంటారు. చేపిన్ కథల్లో వయసుమళ్ళిన రేడియో అనౌన్సరు, రాత్రి కాపలాదారు, హోటల్లో వడ్డించే మనిషి వుంటారు. 1973లో వచ్చిన 'మిస్టర్ టానర్' అనే పాటలో బట్టలు శుభ్రం చేసే దుకాణదారుడు ఒకడు కథానాయకుడు. మంచి గొంతు వున్నవాడు. ఊళ్ళోవాళ్ళు పొగిడి పొగిడి న్యూయార్కులో కచేరీ పెట్టిస్తారు. మర్నాడు పత్రికలో విమర్శకుడు నాలుగు ముక్కల్లో చప్పరించి పారేస్తాడు. ఆ మనిషి తిరిగివచ్చి మళ్ళీ అందరి ముందూ పాడడు. రాత్రి దుకాణం మూశాక ఒంటరిగా పాడుకుంటాడు. మన హాస్టళ్ళలో ఇలాంటి టానర్లు ఎంతమంది వున్నారో మీరే ఆలోచించండి.

1974 చివర్లో 'క్యాట్స్ ఇన్ ది క్రేడిల్' అనే పాట అమెరికాలో మొదటి స్థానానికి చేరింది. ఆ పేరు వేళ్ళ మధ్య దారం చుట్టి పిల్లలు ఆడుకునే ఒక ఆటది. కొడుకుతో ఆడుకోవడానికి తీరిక లేని తండ్రి కథ అది. కొడుకు పెరిగి పెద్దవాడైన తర్వాత తండ్రికి తీరిక దొరుకుతుంది, కొడుక్కి దొరకదు. తండ్రి నేర్పిన పాఠమే కొడుకు అప్పజెప్తాడు. ఈ పాటకు మూలం భార్య శాండీ రాసిన కవిత. ఆ ఇంట్లో అప్పటికి పసిబిడ్డ వున్నాడు, తండ్రి మాత్రం ఊళ్ళు తిరుగుతూ వున్నాడు. తన భార్య రాసిన మాటలు తనకే తగులుతాయని ఆయనకు తెలియకపోలేదు. తెలిసే పాడాడు. పాడి, మళ్ళీ ఊళ్ళు తిరిగాడు. ఈ వైరుధ్యాన్ని దాచిపెడితే ఆయన జీవితం సగమే చెప్పినట్లవుతుంది.

ఇక ఆయన ఊళ్ళు తిరగడానికి కారణమైన రెండో కథ. 1971 ఆగస్టు 1న న్యూయార్కులో పండిట్ రవిశంకర్, జార్జి హారిసన్ కలిసి బంగ్లాదేశ్ శరణార్థుల కోసం పెద్ద కచేరీ చేశారు. కళాకారులు తలుచుకుంటే ఎంత చేయగలరో లోకానికి తెలిసింది. చేపిన్‌కూ, రేడియో కార్యక్రమాలు నిర్వహించే బిల్ అయర్స్ అనే కాథలిక్ ఫాదరీకీ స్నేహం కుదిరినప్పుడు ఇద్దరి మధ్యా ఇదే చర్చ. ఒక్క రాత్రి కచేరీ చేసి విరాళం పంపితే ఆ డబ్బు అయిపోయిన మర్నాడు ఏమిటి? ఆకలి మళ్ళీ వేస్తుంది గదా? అందుకని ఒక రోజు సందడి కాకుండా ఏళ్ళ తరబడి నిలిచే సంస్థ కావాలనుకున్నారు. 1975లో వరల్డ్ హంగర్ ఇయర్ అనే సంస్థ పుట్టింది. ఆ మూడు ఇంగ్లీషు మాటల మొదటి అక్షరాలు కలిపి చదివితే ఎందుకు అనే ప్రశ్న వస్తుంది. పేరులోనే ప్రశ్న పెట్టారన్నమాట.

ఆ ప్రశ్న ఎంత అవసరమో ఆనాటి పరిస్థితి చూస్తే తెలుస్తుంది. 1972 తర్వాత ప్రపంచంలో ధాన్యం ధరలు విపరీతంగా పెరిగాయి. 1974లో బంగ్లాదేశ్‌లో కరువు వచ్చి ఎందరో ప్రాణాలు పోగొట్టుకున్నారు. ఆ నవంబరులో రోమ్ నగరంలో ప్రపంచ ఆహార మహాసభ జరిగింది. గింజలు చాలక జనం చచ్చిపోయారని అందరూ అనుకున్నారు. కాని అమర్త్యసేన్ తరువాత లెక్కలు తీసి చూపిందేమిటంటే, బంగ్లాదేశ్‌లో ఆ అయిదారేళ్ళలో తలసరి తిండిగింజలు ఎక్కువగా వున్న సంవత్సరం ఆ 1974వ సంవత్సరమే. వరదల వల్ల కూలిపని పోయింది, బియ్యం ధర పెరిగింది. కూలివాడి రోజుకూలికి వచ్చే బియ్యం పిడికెడైపోయింది. గింజ బజారులో వుంది, కొనే శక్తి ఇంట్లో లేదు. ఈ సంగతి వివరించిన సేన్ గ్రంథం 1981లో, అంటే చేపిన్ పోయిన ఏడాదే వచ్చింది. ఆర్థికశాస్త్రవేత్త లెక్కలతో నిరూపించిన దానినే పాటగాడు ఊరూరా వేదికల మీద చెప్తూ వచ్చాడు.

చెప్పడమే కాదు, చేశాడు. ఏడాదికి సుమారు రెండు వందల కచేరీలు చేసేవాడు. అందులో దాదాపు సగం ఇతరుల కోసం. ఆ సగంలో వచ్చిన డబ్బు ఆకలి పోరాటానికి, మరికొన్ని మంచి పనులకు పోయేది. కచేరీ అయిపోయాక హాలు గుమ్మం దగ్గర నిలబడి తన కవితల పుస్తకాలు, బనీన్లు అమ్మేవాడు. కొన్నవాళ్ళకు సంతకాలు పెట్టేవాడు. ఆ డబ్బూ సంస్థకే. రేడియోలో గంటల తరబడి ఆకలి మీద చర్చలు, పాటలు నడిపి విరాళాలు పోగుచేసేవాడు. ఆ సంస్థ వూరికే తిండి పంచి ఊరుకోమని చెప్పలేదు. పేదదేశాల రైతు తన తిండి తాను పండించుకునే శక్తి, పేదవాడు తన తిండి తాను కొనుక్కునే శక్తి రావాలన్నది దాని సిద్ధాంతం. రైతుబిడ్డగా నాకు ఈ మాట మరీ ముఖ్యంగా తోచింది. ఉచితంగా వచ్చిపడే పరాయి గింజ ఆకలిని ఒక పూట తీరుస్తుంది. కాని అదే పనిగా వస్తూ వుంటే స్థానిక రైతు పంటకు ధర పడిపోతుంది, మరుసటి ఏడు అతను నాగలి పట్టడానికి వెనకాడతాడు.

తర్వాత ఆయన దృష్టి రాజధాని మీద పడింది. వాషింగ్టన్‌లో కాంగ్రెసు సభ్యుల గదుల చుట్టూ తిరిగాడు. పాట్రిక్ లీహీ, రిచర్డ్ నోలన్ వంటి సభ్యులు తోడ్పడ్డారు. ఫలితంగా 1978లో అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ ప్రపంచ ఆకలి సమస్యపై ఒక కమిషన్ నియమించాడు. సాల్ లినోవిట్జ్ దానికి అధ్యక్షుడు. సభ్యుల్లో హారీ చేపిన్ ఒకడు. పేరుకు సభ్యుడుగా వుండి ఊరుకోలేదు, పట్టుబట్టి పనిచేశాడు. 1980లో వెలువడిన నివేదిక ఆకలికి మూలం పేదరికమేనని తేల్చి, పేదదేశాలతో అమెరికా సంబంధాలకు ఆకలి నిర్మూలనే ప్రధాన లక్ష్యం కావాలని సిఫారసు చేసింది. కాని నివేదిక వచ్చిన ఏడాది లోపే ప్రభుత్వం మారింది. సిఫారసుల్లో ఎక్కువ భాగం కాగితం మీదే మిగిలిపోయాయి. ప్రభుత్వ నివేదికల గతి ఏ దేశంలోనైనా ఒక్కటేనేమో!

మరో సంగతి. చేపిన్ కుటుంబం న్యూయార్కు పక్కనే వున్న లాంగ్ ఐలాండ్‌లో స్థిరపడింది. డబ్బున్నవాళ్ళ ప్రాంతమని పేరు. అక్కడ కూడా పస్తులుండే ఇళ్ళున్నాయని గ్రహించి 1980లో లాంగ్ ఐలాండ్ కేర్స్ అనే సంస్థను స్థాపించాడు. దూరదేశపు ఆకలి గురించి మాట్లాడేవాడికి ఇంటి పక్క ఆకలి కనిపించకపోవడం లోకసహజం. ఆయనకు కనిపించింది.

దీనికంతటికీ ఆయన మూల్యం చెల్లించాడు. 1974 తర్వాత అంతటి విజయం మళ్ళీ రాలేదు. విమర్శకులు ఆయన పాటల్లో కరుణరసం మోతాదు మించిందన్నారు. కథ సాగదీస్తాడన్నారు. ఆ మాట పూర్తిగా కొట్టిపారేయలేం. కొన్ని పాటలు విన్నప్పుడు నాకూ అలాగే అనిపించింది. ఏడాదిలో సగానికి పైగా రాత్రులు వేదికల మీద గడిపేవాడికి పాట చెక్కుకునే తీరిక ఎక్కడిది? పిల్లల పక్కన కూచునే తీరిక ఎక్కడిది? 1980లో 'టాక్సీ' కథకు కొనసాగింపుగా 'సీక్వెల్' అనే పాట తెచ్చాడు. అది 23వ స్థానానికి చేరింది. మొదటి దానికంటే ఒక్క మెట్టు పైన.

1981 జూలై 16. ఆ సాయంత్రం ఈస్ట్ మెడో ఊళ్ళోని ఐసెన్‌హోవర్ పార్కులో ఉచిత కచేరీ. మధ్యాహ్నం చేపిన్ తన చిన్న ఫోక్స్‌వాగన్ కారు తానే నడుపుకుంటూ లాంగ్ ఐలాండ్ రహదారి మీద పోతున్నాడు. జెరికో దగ్గర వెనుకనుంచి ఒక లారీ కారును ఢీకొట్టింది. కారుకు మంటలు అంటుకున్నాయి. లారీ డ్రైవరూ, మరో వ్యక్తీ కలిసి ఆయనను బయటికి లాగారు. ఆసుపత్రికి చేర్చినా ప్రాణం దక్కలేదు. గుండెపోటు ప్రమాదానికి ముందు వచ్చిందో తర్వాత వచ్చిందో వైద్యులు తేల్చలేకపోయారు. పార్కుకు వచ్చిన జనానికి ఆ సాయంత్రం పాటకు బదులు ఈ వార్త అందింది. ఆ పార్కులోని రంగస్థలానికి తరువాత ఆయన పేరే పెట్టారు.

మనిషి పోయాడు గాని పని ఆగలేదు. 1985లో ఇథియోపియా కరువు కోసం అమెరికా గాయకులంతా ఒక్క గదిలో చేరి పాట పాడి కోట్ల రూపాయలు సేకరించారు గదా. హారీ బెలఫాంటే ఆలోచనకు రూపమిచ్చి దానిని నడిపిన కెన్ క్రేగెన్ ఒకప్పుడు చేపిన్‌కు మేనేజరుగా పనిచేసినవాడే. 1987 డిసెంబరు 7న, చేపిన్ బతికివుంటే నలభై అయిదేళ్ళు నిండే రోజున, కార్నెగీ హాలులో జరిగిన సభలో అమెరికా కాంగ్రెసు బంగారు పతకాన్ని ఆయన కుటుంబానికి అందజేశారు. వరల్డ్ హంగర్ ఇయర్ పేరు మార్చుకుని వై హంగర్ అయింది. లాంగ్ ఐలాండ్ కేర్స్ నేటికీ ఆయన పేరు మీద ఆహార నిధిని నడుపుతోంది.

మన దేశంలో కూడా ఈ ప్రశ్న తలుపు తట్టింది. 1983లో ఆంధ్రప్రదేశ్‌లో రెండు రూపాయలకు కిలో బియ్యం పథకం వచ్చినప్పుడు ఖజానా ఏమవుతుందని చాలామంది వాదించారు. 2013లో పార్లమెంటు ఆహార భద్రత చట్టం చేసింది. గోదాములో గింజ వుండడం వేరు, పళ్ళెంలో అన్నం వుండడం వేరు అని ప్రభుత్వాలు ఒప్పుకున్నాయి. అయినా పండించిన రైతుకు గిట్టుబాటు ధర, తినేవాడికి అందుబాటు ధర, రెండూ ఒక్కసారే ఎట్లా కుదురుతాయన్న లెక్క నేటికీ పూర్తిగా తేలలేదు. మా ఇంట్లో ప్రతి సంక్రాంతికీ దీని మీద వాదన జరుగుతూనే వుంటుంది. ధర పెరిగితే మా నాన్నకు సంతోషం. అదే ధర మా పొలంలో నాటు వేసిన మనిషికి బరువు.

మిత్రులారా! ప్రయోగశాలలో మనకు మొదట నేర్పే పాఠం ఎందుకు అని అడగడమే. ఆమ్లంలో నీలి లిట్మస్ ఎందుకు ఎర్రబడిందని అడుగుతాం. జవాబు వచ్చేదాకా ప్రయోగం మళ్ళీ మళ్ళీ చేస్తాం. హారీ చేపిన్‌కు ప్రయోగశాల లేదు, డిగ్రీ లేదు. చేతిలో గిటారు మాత్రం వుంది. ఆ గిటారు పట్టుకుని ఒకే ప్రశ్నను ఆరేళ్ళ పాటు వందలాది ఊళ్ళలో అడిగాడు. అడగడానికి వెళుతూనే దారిలో పోయాడు. తిండి పండించే ఇళ్ళనుంచి ఈ కళాశాలకు వచ్చిన మనం ఆ ప్రశ్నను తరగతి గది దాకా, అటునుంచి మన ఊళ్ళ దాకా తీసుకుపోగలిగితే, ఆయన పాట మన భాషలో లేకపోయినా మనకు అర్థమైనట్లే.